ఆవు పడిన బొర్ర

బొర్రా స్టేషన్లో దిగినవాళ్ళు ఊరివాళ్ళో, చూడ్డానికొచ్చినవాళ్ళో మేం కాళ్ళని బట్టి చెప్పేసేవాళ్ళం. చెప్పుల్లేకపోతే ఊరివాళ్ళు. హవాయి చెప్పులైతే రైల్వే వాళ్ళు, లేదా వాళ్ళ చుట్టాలు. బూట్లతో దిగి, ఎవరిని అడగాలో తెలీక అటూ ఇటూ చూస్తూ నిలబడిపోయారంటే గుహలు చూడ్డానికొచ్చినవాళ్ళన్నమాట. అలాంటి బూట్లు వారానికి పదో పన్నెండో జతలు వచ్చేవి. ఇది 1982, 83 నాటి మాట. మొన్న డిసెంబరులో అదే ప్లాట్‌ఫాం మీద మా అమ్మాయి ఎక్కడ తప్పిపోతుందో అని చెయ్యి గట్టిగా పట్టుకుని దిగాల్సొచ్చింది.

మా నాన్న పాయింట్స్‌మన్. నాకు ఆరేళ్ళప్పుడు ఆయనకి బొర్రాకి బదిలీ అయింది. ఆ మాట విని మా అమ్మ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదట. విజయనగరంలో పుట్టి పెరిగిన మనిషి ఆవిడ. కొండ మీద, సొరంగాల మధ్య, సాయంత్రం అయిదింటికే చీకటి పడే చోట కాపురం అంటే మరి బెంగే. నాకు మాత్రం పండగే. స్కూల్లో రెండే గదులు, మాస్టారు రైలు తప్పితే ఆ రోజు సెలవు.

ఆ రైల్వే లైను సంగతి చెప్పాలి. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా వెళ్ళే కేకే లైను అది. బైలదిల్లా గనుల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కి పంపడానికి అరవైల్లో వేశారు. 58 సొరంగాలు. కొండల్ని అంతలా తొలిచింది ఖనిజం కోసమే గానీ, మనుషులు లోయలు చూసి మురిసిపోవాలని కాదు. రెండు మూడు ఇంజన్లు కట్టుకుని, ఖనిజం నింపుకున్న గూడ్సులు రాత్రీ పగలూ విశాఖ వైపు దిగుతూనే ఉండేవి. ఖాళీవి పైకి ఎక్కేవి. వాటి మధ్యలో సందు చూసుకుని రోజుకి ఒక ప్యాసింజరు. బూట్లవాళ్ళు వచ్చేది అందులోనే. విశాఖలో తెల్లారగట్ల ఎక్కితే మా ఊరికి పదింటికి. మా ఉప్పూ పప్పూ, మా నాన్న చదివే పేపరూ వచ్చేది కూడా దాన్లోనే. పేపర్లో వార్తల కంటే పేపరు రావడమే మాకు పెద్ద వార్త.

బూట్లవాళ్ళు దిగగానే పిల్లలం ఒకడిని తాత ఇంటికి పరిగెత్తించేవాళ్ళం.

ఆయన పేరు మాకు తెలీదు. కాగడా తాత అనే పిలిచేవాళ్ళం. కొండదొరల మనిషి. ఇంట్లో వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునే ఆదివాసీ ఒరియా నాకు ముక్క అర్థమయ్యేది కాదు. మాతో మాత్రం అచ్చం మా విజయనగరం తాతయ్య లాగే మాట్లాడేవాడు. వెదురు కర్ర చివర పాత గుడ్డలు చుట్టి, తీగతో బిగించి, కిరసనాయిలు పట్టించిన కాగడాలు రెండు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. ఒకటి వెలిగించడానికి, ఒకటి చంకలో. ఆ కిరసనాయిలు అప్పుడప్పుడూ మా రేషన్ సీసాలోదే. అర లీటరు తగ్గిందని అమ్మ గొణుక్కునేది, ఆ తగ్గిన అర లీటరుకి నాకు గుహలోకి టికెట్టు దొరికేది. ఎన్నిసార్లు దూరానో లెక్క లేదు. బూట్లవాళ్ళ వెనకాల, వాళ్ళ పిల్లలాగా.

గుహ వాకిలి చాలా పెద్దది. లోపలికి పది అడుగులు వేశాక వెనక్కి తిరిగితే వెలుతురు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది, అందుకని ధైర్యంగానే ఉంటుంది. ఇంకో ఇరవై అడుగులకి ఆ ధైర్యం పోతుంది. అప్పట్లో మెట్లు లేవు, పట్టుకోడానికి కడ్డీలు లేవు. తడి రాయి, గబ్బిలాల వాసన, ఎక్కడో చుక్క చుక్కగా నీళ్ళ చప్పుడు.

"ఏటే గుంటా, కిందకి సూడకు. నా కాలు సూడు. నా కాలెక్కడెడితే నీ కాలక్కడెట్టు" అనేవాడు తాత.

ఆయన కథ మొదలుపెట్టేది అక్కడే. వాకిలి దగ్గర ఒక్క ముక్క చెప్పేవాడు కాదు.

"ఓ గొడ్లు కాసే గుంటడు. ఆడికో ఆవు. మేత్తా మేత్తా కొండ మీద బొర్రలో పడిపోనాది." ఇక్కడ ఆగి కాగడా పైకెత్తేవాడు. గుహ కప్పులో నిజంగానే ఒక కంత ఉంటుంది, ఆకాశం ముక్క కనిపిస్తుంది. బొర్ర అంటే అదే, కంత. ఊరికి ఆ పేరు వచ్చింది కూడా అలాగే. "గుంటడు ఆవుని ఎతుక్కుంటా దిగినాడు." ఒక అడుగు. "దిగినాడు." ఇంకో అడుగు. "దిగినాడు, దిగినాడు..." తాత కాలు పడ్డప్పుడల్లా ఒక 'దిగినాడు'. జారుడు చోటు వస్తే 'దిగినాడు' సాగేది. చదునుగా ఉంటే రెండు మూడు టకటకా పడిపోయేవి. మా కాళ్ళు తెలీకుండానే ఆ మాటకి తాళం వేసేవి. బూట్లవాళ్ళు మొదట్లో నవ్వేవాళ్ళు. కాసేపటికి వాళ్ళూ ఊపిరి బిగబట్టి గుంటడి వెనకాలే దిగేవాళ్ళు.

చివరికి ఆ రాయి దగ్గరికి చేరేవాళ్ళం. శివలింగంలా ఉన్న రాయి, దాని పైన ఆవు పొదుగులా వేలాడే ఇంకో రాయి, దాని నుంచి కారే నీళ్ళు. ఆ నీళ్ళే నది అయ్యాయని, గోవు స్తనం నుంచి పుట్టింది కాబట్టి గోస్తని అయిందని పుస్తకాల్లో రాస్తారు. తాత అంత విడమరిచి చెప్పేవాడు కాదు. కాగడా ఆ పొదుగు కిందకి తెచ్చి, నీటి చుక్క వెలుగులో మెరిసి పడేదాకా చూపించి ఊరుకునేవాడు.

ఇప్పుడు తల్చుకుంటే నాకర్థమయ్యేదేమిటంటే, ఆ కథ పొడుగూ గుహ పొడుగూ ఒకటే. నడకకి కొలిచి కుట్టిన కథ అది. బయట అరుగు మీద కూర్చోబెట్టి చెప్పమంటే ఆయనకి వచ్చేది కాదు. నేను అడిగి చూశాను. "ఇక్కడేటుంది సెప్పడానికి" అన్నాడు.

దారి పక్క రాళ్ళకి ఆయన పెట్టే పేర్లు మాత్రం రోజుకో రకంగా ఉండేవి. సోమవారం మొసలి అయిన రాయి గురువారానికి నాగలి అయ్యేది. ఒకసారి నేను పట్టేశాను. "మొన్న మొసలన్నావు కదా తాతా?" అంటే, "మొన్న నోరు తెరిసింది, ఈ పొద్దు మూసుకుంది" అన్నాడు. కాగడా ఏ పక్క నుంచి పట్టుకుంటే నీడ ఆ రకంగా పడుతుంది. ఆయన అబద్ధం ఆడాడని నేను ఇప్పటికీ అనుకోను.

1807లో విలియం కింగ్ జార్జ్ అనే దొర ఈ గుహల్ని కనుక్కున్నాడని ఎక్కడ చూసినా రాస్తుంటారు. మా తాత లెక్కలో కనుక్కుంది ఆవు. గుంటడిది రెండో నంబరు. దొర ఊసే లేదు.

మేం 1988లో విశాఖ వచ్చేశాం. ఆ తర్వాత మేం లేనప్పుడే అన్నీ జరిగాయి. తొంభైల్లో గుహలు టూరిజం వాళ్ళ చేతికొచ్చాయి. లోపల దీపాలు పెట్టారు, మెట్లు కట్టారు, కడ్డీలు వేశారు. మంచిదే. మా అమ్మ ఆరేళ్ళు అక్కడ కాపురం చేసి, జారి పడతానన్న భయంతో ఒక్కసారి కూడా లోపలికి రాలేదు. మెట్లు వచ్చాక, అరవయ్యో ఏట, వెళ్ళి చూసొచ్చింది. "ఇంత దానికా మీరు అంత గోల చేసేవారు?" అంది. రంగురంగుల లైట్లలో అన్నీ ఒక్కసారే కనిపించేస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కాగడా అయితే ఒక్కో రాయినీ చీకట్లోంచి బయటికి లాగి, చూపించి, మళ్ళీ లోపల పెట్టేసేది.

అలాగని కాగడాల్ని నెత్తిన పెట్టుకోను. గుహ గోడల మీద కొన్ని చోట్ల నల్లగా మసి పట్టి ఉంది. అందులో మా తాతది ఎంతో, మా రేషన్ కిరసనాయిలుది ఎంతో. నీళ్ళలో కరిగిన సున్నం చుక్క చుక్కగా పేరుకుని ఆ రాళ్ళు పెరగడానికి వేల ఏళ్ళు పడుతుంది. ఆ లెక్కన మా పొగ వాటికి పెద్ద అపకారమే. ఇప్పుడేమో లైట్ల వెలుగు పడిన చోట ఆకుపచ్చగా పాచి పడుతోంది. వెలుగు లేని చోట మొలవాల్సింది కాదది. చీకట్లో ఉండాల్సిన దాన్ని ఎలా చూపించినా ఏదో ఒక మచ్చ పడక తప్పదు కాబోలు.

అరకు సంగతి వేరు. గుహలకి వాకిలి ఉంది, గేటు పెట్టి టికెట్టు కోయొచ్చు. లోయకి గేటు ఎక్కడ పెడతారు? మా చిన్నప్పుడు అరకు అంటే సంత, పద్మాపురం తోట, సినిమా షూటింగులు. పద్మాపురం తోట కథ కూడా తమాషాగా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైనికులకి కూరగాయలు పండించడానికి మొదలుపెట్టారట దాన్ని. క్యాబేజీల కోసం వేసిన తోటలో హీరో హీరోయిన్లు గులాబీల మధ్య పరిగెత్తడం మేం చూశాం. షూటింగ్ చూడ్డానికి నాన్న మమ్మల్ని ప్యాసింజరులో తీసుకెళ్ళాడు. దారిలో శిమిలిగూడ స్టేషను వచ్చినప్పుడు బోర్డు మీద 996 మీటర్ల ఎత్తు అని చూపించి, అదేదో తనే మోసుకొచ్చి పెట్టినంత గర్వంగా చూశాడు. బ్రాడ్‌గేజ్‌లో దేశంలోకెల్లా ఎత్తైన స్టేషనని అప్పట్లో మా రైల్వే పిల్లలందరికీ అదో గొప్ప.

ఇక్కడి గిరిజనులు ఆడే ధింసా నాట్యం నేను మొదట చూసింది అరకులో కాదు, మా ఊరి పక్క గూడెంలో, చైత్రమాసంలో వచ్చే ఇటుకల పండగకి. మగవాళ్ళు వేటకి వెళ్ళేవాళ్ళు. ఆడవాళ్ళు దారికి అడ్డంగా వెదురు కర్ర పట్టుకుని నిలబడేవాళ్ళు. జీపు వచ్చినా, సైకిలు వచ్చినా, రైల్వే ఇన్స్పెక్టరు వచ్చినా చిల్లర ఇస్తేనే కర్ర లేచేది. మా నాన్న ఆ వారం రోజులూ జేబులో పావలాలు పెట్టుకు తిరిగేవాడు. వేట నుంచి ఉత్త చేతులతో వచ్చిన మగాళ్ళకి ఆడవాళ్ళు పెట్టే చివాట్లు వినాలి. నాకు భాష రాకపోయినా ఆ మొహాలు చూస్తే చాలు, అర్థమయ్యేది.

రాత్రి ధింసా. డప్పు, కిరిడి, తుడుము, మోరి వాయిస్తుంటారు. ఆడవాళ్ళు వెనక నుంచి ఒకరి నడుము మీదుగా ఒకరు చేతులు పెనవేసుకుని, వరసగా, పాములా వంకర్లు తిరుగుతూ అడుగులేస్తారు. అందులో రకాలున్నాయని చాలా ఏళ్ళకి తెలిసింది. గ్రామదేవతని తల్చుకుంటూ ఆడేది బోడ ధింసా. పొతర్ తోలలో ఆకులు కోస్తున్నట్టు వంగుతారు. భాగ్ ధింసా అంటే పులి మీద పడితే ఎలా తప్పించుకోవాలో చూపించే ఆట. ఆ రాత్రి నేను చూసింది భాగ్ ధింసానే అయ్యుండాలి. వరస ఒక్కసారిగా చుట్టలా చుట్టుకుపోయి, మధ్యలో నన్ను పెట్టుకుని బిగుసుకుంది. ముక్కుకి మూడు పోగులున్న ఒక ముసలమ్మ నా తల తన పొట్టకేసి అదుముకుంది. ఆ చీరకి పొగ వాసన, ఆముదం వాసన. పులి ఎక్కడుందో తెలీదు గానీ, ఉందని మాత్రం నమ్మాను.

మొన్న అరకులో మేం దిగిన రిసార్టులో రాత్రి ఏడున్నరకి క్యాంప్‌ఫైర్, ఎనిమిదింటికి ధింసా. ఆకుపచ్చ చీరలు అందరికీ ఒకటే రకం, కొప్పులో ఒకటే రకం పువ్వు. ఇరవై నిమిషాలు ఆడారు. మంచిగానే ఆడారు, ఆ మాట చెప్పాలి. తర్వాత అతిథుల్ని రమ్మన్నారు. మా అమ్మాయి దూరింది, అడుగు తప్పింది, పక్కావిడ మోకాలితో తట్టి సరిచేసింది. ఆ తర్వాత స్పీకర్లో సినిమా పాట పెట్టారు. ఆడవాళ్ళు పక్కకి తప్పుకుని చెప్పులేసుకుని, ఇంకో రిసార్టుకి ఆటో ఎక్కారు. నేను ఆటో దాకా వెళ్ళి ఒకావిడతో మాట కలిపాను. నా వయసే ఉంటుంది.

"ఇప్పుడు ఆడింది భాగ్ ధింసానేనా?" అన్నాను.

"అన్నీ కొంచెం కొంచెం కలిపేత్తాం అమ్మా. ఆళ్ళకి తేడా తెల్దు" అంది. "ఊళ్ళో పండగప్పుడు ఇంకా ఆడతారా?" అంటే అదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "ఆడకపోతే ఎలాగ? అది పండగ, ఇది డ్యూటీ."

పొలం కూలి కంటే ఇదే నయమని కూడా అంది. ఆ లెక్క నేను కాదనడానికి ఎవరిని? ఊళ్ళో దాని మజా ఊళ్ళోనే ఉందన్నమాట. మాలాంటి వాళ్ళకి చూపించేది వేరే. నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది, కొంచెం ఊరటగానూ అనిపించింది.

వలిసె పూల సంగతి ఇంకో రకం. చలికాలం మొదలయ్యేసరికి కొండ వాలు మొత్తం పసుపు ఆరబోసినట్టుండేది. అవి నూనె గింజలు. మా ఇంట్లో వలిసె నూనెతో వంట చేస్తే అమ్మకి వాసన పడేది కాదు. ఆ పూలని చూడ్డానికి ఎవరో పనిగట్టుకుని వస్తారని మాకెప్పుడూ తట్టలేదు. ఇప్పుడు రోడ్డు పక్క ప్రతి చేనుకీ తాడు, తాడుకి అట్ట, అట్ట మీద 'ఫోటోకి 20 రూపాయలు'. చేను మధ్యలో వెదురుతో హృదయం ఆకారం కట్టారు ఒక చోట. మొదట్లో జనం చేలో పడి తొక్కేసేవారట, అందుకని తాడు కట్టాల్సొచ్చిందంది ఆ చేను ఆవిడ. "గింజ కంటే పువ్వుకే ఎక్కువొత్తంది" అని నవ్వింది. వచ్చే ఏడు రోడ్డు పక్కనే ఇంకో మడి వేస్తుందట. ఇరవై రూపాయలిచ్చి నేనూ దిగాను ఫోటో. నలభై ఏళ్ళ క్రితం ఊరికే దొర్లిన పూలలో డబ్బులిచ్చి నిలబడ్డం అదోలా ఉంది. కానీ అప్పుడు నేను తొక్కిన చేనుకి ఎవరికీ పైసా ఇవ్వలేదు కదా, ఆ బాకీ తీరిందనుకున్నాను.

బొంగులో చికెన్ గురించి రాయకపోతే చదివేవాళ్ళు ఊరుకోరు. రోడ్డుకి అటూ ఇటూ నిప్పుల మీద వెదురు బొంగులే. మా రోజుల్లో అది రోడ్డు మీద అమ్మే వంట కాదు, గిన్నెల్లేని చోట, అడవిలో మగవాళ్ళు చేసుకునేది. రుచికి వంక పెట్టలేను. కాకపోతే తినేసిన బొంగులు ఎక్కడివక్కడ గుట్టలుగా పడున్నాయి.

ఇంత పెరిగాక కూడా లోయ మొత్తం ఊటీలా సిమెంటు అయిపోకపోవడానికి కారణం జనాల మంచితనం కాదు. చట్టం. 1970 నాటి ఒకటో రెగ్యులేషన్, జనం నోట్లో వన్ ఆఫ్ సెవెంటీ. ఏజెన్సీలో గిరిజనుల భూమే కాదు, ఎవరి భూమైనా గిరిజనేతరులు కొనకూడదు. మా నాన్న స్నేహితుడొకాయన రిటైరయ్యాక అరకులో పావెకరం కొనుక్కుని కాఫీ తాగుతూ కూర్చుంటానని కలలు కనేవాడు, ఈ చట్టం విని కాఫీ పొడి కొనుక్కుని తృప్తిపడ్డాడు. దీనికి దొంగదారులున్నాయి, పేరు ఒకరిది పెట్టుబడి ఒకరిది, అది ఏజెన్సీలో చిన్న పిల్లలకి కూడా తెలిసిన రహస్యం. ఇక 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు పుట్టింది అచ్చంగా మా అనంతగిరి మండలంలోనే. మా బొర్రా చుట్టుపక్కల కొండల్లో బయటివాళ్ళకిచ్చిన గనుల లీజుల మీద నడిచిన కేసు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి లీజుకివ్వకూడదంది కోర్టు. ఆ తీర్పు రాకపోయుంటే ఆవు పడిన కొండ కూడా లారీలెక్కేదేమో. మా అమ్మాయికి ఇది చెప్పబోతే చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంది. అందుకని ఇక్కడ మీకు చెప్తున్నా.

మిగతా కొండలూ ఒక్కొక్కటీ వంతు వేసుకుని ఫేమస్ అవుతున్నాయి. లంబసింగిని ఆంధ్రా కశ్మీర్ అంటున్నారు. దాని పాత పేరు కొర్రబయలు. రాత్రి బయట పడుకుంటే పొద్దుటికి కర్రలా బిగుసుకుపోతారని ఆ పేరు. పాడేరు దగ్గర వంజంగికి మబ్బుల సముద్రం చూడాలని తెల్లవారుజామున మూడింటికే జనం టార్చిలు పట్టుకుని కొండెక్కుతున్నారు. వెళ్ళొచ్చిన మా బంధువులు మబ్బుల ఫోటో ఒకటి, ట్రాఫిక్ జామ్ ఫోటోలు నాలుగు పంపారు. హుకుంపేట వైపు మత్స్యగుండం మాత్రం ఇంకా పెద్దగా రద్దీ లేని రోజుల్లో చూశాను. ఏటి గుండంలో చేతి మూరంత చేపలు, మరమరాలు వేస్తే ఒడ్డుదాకా వచ్చేవి. అవి దేవుడి చేపలు, ఎవరూ పట్టరు. మా నాన్న, చేపలంటే ప్రాణం పెట్టే మనిషి, వాటికి దణ్ణం పెట్టి, "ఎంత లావున్నాయో" అని నిట్టూర్చాడు.

మళ్ళీ గుహ దగ్గరికే వస్తాను. మొన్న వాకిలి దగ్గర టికెట్ల క్యూలో ఉండగా, గైడు ఐడీ కార్డు మెడలో వేసుకున్న కుర్రాడొకడు మా బ్యాచ్‌కి వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. చేతిలో ఆకుపచ్చ లేజర్. అలవాటుకొద్దీ కాగడా తాత గురించి అడిగాను. ఆ వర్ణనకి సరిపోయే ముసలాయన ఆ ఊళ్ళో ఒక్కడే అయ్యుండాలి. "మా తాతే మేడమ్" అన్నాడు. పోయి ఇరవై ఏళ్ళు దాటిందట. నేను స్టేషన్ క్వార్టర్స్ పిల్లనని చెప్తే, "కిరసనాయిలు ఇచ్చేవోళ్ళా?" అన్నాడు. మా అర లీటరు వాళ్ళింట్లో కథ అయి కూర్చుంది.

అతను ఆవు కథ చెప్పడం గడియారం పెట్టి చూశాను. ఒకటిన్నర నిమిషం. తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి, వెనక బెంగాలీ కుటుంబం ఉందని నాలుగు ముక్కలు బెంగాలీలో. లేజర్ చుక్క కప్పు మీద కంత దగ్గర మొదలై, సర్రున జారి లింగం మీద ఆగింది. గుంటడు దిగనే లేదు, ఒక్క దూకుడులో కిందున్నాడు. ఇదిగో శివపార్వతులు, అదిగో మొసలి, ఇది పుట్టగొడుగు, ఇది మనిషి మెదడు. పదండి పదండి.

బ్యాచ్ ముందుకి పోయాక నేను మెల్లిగా అన్నాను, మీ తాత ఇంకోలా చెప్పేవాడని. 'దిగినాడు, దిగినాడు' అని రెండు మెట్లు దిగి చూపించాను కూడా. అతని మొహం వెలిగింది.

"తెలుసు మేడమ్. మా పిల్లకి అలాగే చెప్తాను, నిద్రపోడానికి. ఇక్కడ అలా చెప్తే వెనక బ్యాచ్‌వోళ్ళు తిడతారు." కాసేపాగి, గొంతు తగ్గించి, "ఆ మొసలి ఉంది చూడండి, బెంగాలీవోళ్ళకి దాన్ని దుర్గమ్మ సింహం అని చెప్తాను. ఈ పక్క నుంచి చూస్తే సింహమే" అన్నాడు.

నేను ఆ పక్క నుంచి చూశాను. సింహమే.

మెట్లెక్కి బయటికొస్తుంటే మోకాళ్ళు పట్టేశాయి. గోడ దగ్గర కూర్చుని, దిగేటప్పుడు మెట్లు ఎన్నున్నాయో తెలీకపోవడమే నయమనుకున్నాను.

తిరుగు ప్రయాణం అద్దాల బోగీలో. 2017 నుంచి నడుపుతున్నారు దీన్ని, విస్టాడోమ్ అంటారు. కప్పు కూడా అద్దమే, కుర్చీ ఏ వైపు కావాలంటే ఆ వైపు తిరుగుతుంది. మా నాన్న జెండా ఊపిన స్టేషన్ల మీదుగా కుర్చీలో గిర్రున తిరుగుతూ రావడం ఆయనకి ఫోన్లో చెప్తే, "తల తిరగట్లేదా?" అన్నాడు. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీలో అందరూ ఓ అని అరుస్తారు. ఇది మాత్రం మా కాలం నుంచీ ఉంది. ఏ మార్పూ లేదు.

ఒక పొడుగు సొరంగంలో అరుపులు అయిపోయాక, చీకట్లో మా అమ్మాయి అడిగింది. "అమ్మా, ఇంతకీ ఆ ఆవు బయటికొచ్చిందా?"

గైడు చెప్పలేదు. పుస్తకాల్లో నేనెక్కడా చూడలేదు. నేనూ దాని వయసులో తాతని ఇదే అడిగాను. ఆయన చెప్పింది చెప్పాను. "రాలేదట. లోపలే ఎక్కడో మేస్తోంది. పాలు వస్తున్నాయంటే ఉన్నట్టే కదా అన్నాడు."

అది ఆలోచిస్తూ ఊరుకుంది. నేను ఊరుకోకుండా, గోస్తని కొండ దిగి తాటిపూడి రిజర్వాయరులో చేరుతుందని, అక్కడి నీళ్ళు విశాఖకి వస్తాయని, మన ఇంట్లో కుళాయి తిప్పితే వచ్చేది కూడా ఆ ఆవు పాలే అయ్యుండొచ్చని చెప్పాను. సొరంగం దాటి వెలుతురొచ్చింది. కుర్చీ నా వైపు తిప్పుకుని నన్నే చూస్తోంది.

"మరి క్లోరిన్ వాసనొస్తుందేంటి?"